సురక్షిత సస్యరక్షణ పట్ల కూరగాయల రైతుల వైఖరి: మంచిదంటూనే ఎందుకు మానరు?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: కూరగాయలు పండించే రైతులను ఎవరిని కదిలించినా పర్యావరణానికి హాని చేయని సస్యరక్షణ పద్ధతులు మంచివేనంటారు, కానీ పొలంలో మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు రసాయన మందు కొడుతూనే ఉంటారు, ఇది తెలియకపోవడమా, తెలిసీ చేసే నిర్లక్ష్యమా, అవగాహన సదస్సులు పెంచితే మారుతుందా అని మీరు అడిగారు. చాలా కాలంగా కూరగాయల సస్యరక్షణలో రైతులతో కలిసి పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. తెలియనితనం కొంత ఉన్న మాట నిజమే గానీ, అసలు చిక్కు అక్కడ లేదు. ఈ పద్ధతులు సురక్షితమా కాదా అన్న విషయంలో రైతుకు పెద్దగా సందేహం ఉండదు. పని చేస్తాయా, ఎన్నాళ్లకు చేస్తాయి, చేయకపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్న మూడు విషయాల మీదే అతని సందేహమంతా. సదస్సుల్లో మనం చెప్పేది ఇవి సురక్షితమని. అతను మనసులో వేసుకునే లెక్క ఈ మూడింటి గురించి.

ప్రమాదం రైతుకు తెలుసనడానికి ఒక నిదర్శనం చాలా చోట్ల కనబడుతుంది. అమ్మకానికి వేసిన మడులకు మందు కొట్టి, ఇంటి వాడకానికి ఉంచుకున్న వరుసను మందు తగలకుండా వదిలేస్తారు. దీన్ని చూపించి రైతుకు నీతి లేదని తీర్పు చెప్పేవారున్నారు. నేను దాన్ని మరోలా చదువుతాను. ఇంటి వరుసలో పుచ్చు వంకాయ వస్తే పుచ్చిన మేర కోసి పారేసి మిగిలినది వండుకోవచ్చు, నష్టం ఆ ముక్కతోనే సరి. అదే కాయ మార్కెట్‌కు వెళ్లే గంపలో నాలుగైదు చోట్ల కనబడితే గంప మొత్తం రెండో రకం కిందికి జారిపోతుంది. మనిషి ఒకడే, పురుగు ఒకటే, ప్రమాదం గురించిన అవగాహనా ఒకటే; నిర్ణయం మాత్రం రెండు రకాలుగా ఉంది. అంటే మనం వైఖరి అని పిలుస్తున్న దానిలో అధిక భాగం రైతు బుర్రలో కాక, అతను పంట అమ్ముకునే తీరులో ఉంది.

సమగ్ర సస్యరక్షణకు మూలస్తంభమైన ఆర్థిక నష్ట స్థాయి అనే భావన కూరగాయల దగ్గర తడబడేదీ ఇందుకే. పురుగు కనబడగానే మందు కొట్టనక్కర లేదు, అది చేయబోయే నష్టం మందు ఖర్చును మించే స్థితి వచ్చినప్పుడే కొట్టాలి అన్న సూత్రాన్ని 1959లో కాలిఫోర్నియాకు చెందిన స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బోష్, హేగెన్ అనే నలుగురు కీటక శాస్త్రవేత్తలు స్పష్టంగా సూత్రీకరించారు. ధాన్యపు పంటలో ఆకు కొంత పోయినా గింజకు పెద్ద నష్టం ఉండదు కనుక రైతుకు ఈ లెక్క సులువుగా ఎక్కుతుంది. కూరగాయల్లో పురుగు కొరికేదే అమ్ముడుపోయే వస్తువు. పైగా వంగను పట్టే కొమ్మ, కాయ తొలుచు పురుగు గుడ్లు ఆకుల మీద పెడుతుంది. పిల్ల పురుగు గుడ్డు నుంచి బయటపడిన కొద్ది గంటల్లోనే కొమ్మలోకో కాయలోకో దూరిపోతుంది. దూరాక ఏ మందూ దాన్ని అందుకోలేదు. ఆ కొద్ది గంటల వ్యవధి ఏ రోజు వస్తుందో తెలియదు కాబట్టి రైతు ప్రతి రోజూ వస్తుందేమోనన్న లెక్కన కొడతాడు. అతని దృష్టిలో ఆ పిచికారీ బీమా కిస్తీ లాంటిది. అవసరం పడలేదని ఎవరూ బాధపడరు.

అయితే ఇక్కడే ఒక సందు ఉంది. పూత రాకముందు, పురుగు దూరి తలవాల్చిన కొమ్మలను తుంచి నాశనం చేస్తే మొక్క పక్క కొమ్మలు వేసుకుని చాలావరకు కోలుకుంటుంది. అంటే మొదటి దశలో కొట్టే మందుల్లో ఎక్కువ భాగం రైతును కాపాడదు, పంటను తినే పురుగులను తినే మిత్రపురుగులను మాత్రం చంపుతుంది. మందు మానండి అని చెప్పడం కన్నా, ఈ మొదటి మందు ఒక్కటి వాయిదా వేద్దాం అని అడిగితే ఒప్పుకునే రైతులు ఎక్కువమంది దొరుకుతారు.

ఇక పని చేసే వేగం సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జీవసంబంధ మందులపై అపనమ్మకం చాలావరకు ఇక్కడే పుడుతోంది. బి.టి. అనే బాక్టీరియాతో చేసిన మందు కొట్టిన ఆకును పురుగు తిన్నాక, దాని పేగులోని క్షార గుణానికి బి.టి. స్ఫటికాలు కరిగి విషపు ప్రొటీన్ విడుదలై పేగు గోడకు తూట్లు పొడుస్తుంది. పురుగు కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, కానీ చావడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మర్నాడు ఉదయం క్యాబేజీ మడిలోకి వెళ్లిన రైతుకు ఆకు మీద పురుగు కదులుతూనే కనబడుతుంది. ముందు వారం కొట్టిన రసాయన మందుకు గంటలోనే పురుగులు గిలగిల్లాడి రాలిపోవడం చూసిన కంటికి ఇది నకిలీ మందే. అదే రోజు సాయంత్రం మళ్లీ రసాయనం కొడతాడు, పురుగు చస్తుంది, ఆ ఖ్యాతి రసాయనానికి దక్కుతుంది.

దీనికి ఉపన్యాసం పనికిరాదు. మందు కొట్టే ముందు నాలుగైదు మొక్కలకు గుర్తు కట్టి, వాటి ఆకుల మీది పురుగు పెంటికలను తుడిచేయమని చెప్పండి. మందు కొట్టిన మర్నాడు పురుగు బతికుందా అని కాకుండా, ఆకు మీద కొత్త పెంటికలు పడ్డాయా, రంధ్రాల అంచులు పచ్చిగా తడిగా ఉన్నాయా ఎండిపోయి ఉన్నాయా అని చూడమనండి. తిండి మానేసిన పురుగు పంటకు చేసే హాని లేదన్న సంగతి అతని కంటికే తెలుస్తుంది. పురుగులకు జబ్బు తెప్పించే వైరస్‌తో చేసిన ఎన్.పి.వి. ద్రావణం విషయంలోనూ ఇంతే: శనగపచ్చ పురుగు చావడానికి నాలుగు రోజుల నుంచి వారం దాకా పడుతుంది, కానీ చివరికి తలకిందులుగా వేలాడుతూ ఒళ్లు నీరుగారిపోయిన పురుగును ఒకసారి చూసిన రైతు ఆ మందును మర్చిపోడు. ఇవి చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తాయి, ఎదిగిన పురుగుల మీద అంతగా పనిచేయవు. ఎండకు చెడిపోతాయి కనుక సాయంత్రమే కొట్టాలి. వేప మందుదీ అదే దారి, దాని పని పురుగుకు మేత సహించకుండా చేయడం, కుబుసం విడవనీయకపోవడం. ఈ సంగతులు చెప్పకుండా డబ్బా చేతికిచ్చి పంపితే తప్పు మందుది కాదు, రైతుదీ కాదు.

కంటికి కనబడడం అన్న ఈ అంశమే మిత్రపురుగుల విషయంలో మరింత బలంగా పనిచేస్తుంది. 1980లలో హోండురస్‌లో రైతుల కీటక జ్ఞానాన్ని పరిశీలించిన జెఫ్రీ బెంట్లీ అనే మానవ శాస్త్రవేత్త గమనించినదేమిటంటే, సులభంగా కనబడే వాటి గురించి, తమకు ముఖ్యమనిపించిన వాటి గురించి రైతులకు లోతైన జ్ఞానం ఉంటుంది. కంటికి ఆనని పరాన్నజీవుల గురించి, పురుగులకు వచ్చే జబ్బుల గురించి దాదాపు ఏమీ ఉండదు. పురుగుల గుడ్లలో పెరిగి వాటిని నాశనం చేసే ట్రైకోగ్రామా కందిరీగ పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు, అది ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? అక్షింతల పురుగును గుర్తుపట్టే రైతు కూడా నల్లగా, మొసలి ఆకారంలో ఉండే దాని పిల్ల పురుగును చూసి కొత్త తెగులు వచ్చిందని మందు కొడతాడు. నిజానికి పేనుబంకను ఎక్కువగా తినేది ఆ దశే. పేనుబంక పట్టిన చిక్కుడు రెమ్మ ఒకటి, ఆ పిల్ల పురుగు ఒకటి గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, రైతు ఇంట్లోనే ఒక రోజు ఉంచమనండి. మర్నాటికి రెమ్మ చాలావరకు ఖాళీ అవుతుంది. ఇండోనేషియాలో 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించిన తర్వాత, 1989 నుంచి నడిచిన రైతు పొలంబడులు (రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే బడులు) ఇలాంటి ప్రయోగాలనే పాఠాలుగా చేసుకున్నాయి. అవే తర్వాత కూరగాయలకూ పాకాయి. అక్కడ మారింది అభిప్రాయం కన్నా ముందు చూపు.

సలహా ఎవరిదన్నది మరో పెద్ద విషయం. పురుగు కనబడ్డ గంటలో రైతుకు అందుబాటులో ఉండేది సాధారణంగా మందుల దుకాణమే. అక్కడ సలహా ఉచితం, మందు చాలాసార్లు అప్పు. సలహా ఇచ్చేవాడికి అమ్మకం మీద లాభం ఉన్నప్పుడు ఈ వారం ఏమీ కొట్టవద్దన్న మాట అతని నోట రాదు; అది అతని దుర్మార్గం కాదు, ఆ ఏర్పాటు తీరు అంతే. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడమూ అక్కడి నుంచే అలవాటవుతుంది. బవేరియా వంటి, పురుగులను చంపే శిలీంధ్రంతో చేసిన మందును మాంకోజెబ్ వంటి శిలీంధ్రనాశినితో కలిపి కొడితే మొదట చచ్చేది మనం డబ్బు పెట్టి కొన్న శిలీంధ్రమే. ఇలా విఫలమైన ప్రతి పిచికారీ జీవసంబంధ మందులు పనిచేయవన్న నమ్మకానికి ఒక సాక్ష్యంగా చేరుతుంది. దీనికి తోడు నాణ్యత గొడవ: జీవమున్న సరుకును వేడి రేకుల కింద నెలల తరబడి నిల్వ ఉంచితే సీసాలో మిగిలేది పొడి మాత్రమే. రైతు ఈ మందులను నమ్మడం లేదని ఫిర్యాదు చేసేవారు, అతను కొన్న సీసాలో ప్రాణమున్నదా అని ముందు అడగాలి. నా అంచనాలో అపనమ్మకంలో చెప్పుకోదగ్గ వాటా పూర్తిగా న్యాయమైనదే.

వైఖరి నిజంగా మారిన చోట్ల ఏం జరిగిందో చూస్తే ఈ మాటలకు బలం చేకూరుతుంది. దక్షిణ స్పెయిన్‌లోని అల్మేరియాలో పాలీహౌస్‌లలో క్యాప్సికం పండించే రైతులు ఏళ్ల తరబడి రసాయనాల మీదే ఆధారపడ్డారు, తామర పురుగులు ఆ మందులకు లొంగడం మానేశాయి కూడా. 2006 చివర్లో అక్కడి క్యాప్సికంలో అనుమతి లేని ఐసోఫెన్‌ఫాస్-మిథైల్ అవశేషాలను జర్మనీలో కనిపెట్టడంతో కొనుగోలుదారులు వెనుదిరిగారు. ఆ తర్వాత కొద్ది సీజన్లలోనే క్యాప్సికం సాగులో అత్యధిక భాగం పంట పురుగులను తినే పరభక్షక నల్లులనూ, ఓరియస్ అనే మరో రకం నల్లులనూ విడిచే పద్ధతికి మారింది. ఆ రైతులకు అంతకుముందు అవగాహన లేదని అనలేం. మందు పనిచేయకపోవడం, కొనేవాడు తిప్పికొట్టడం, బదులుగా నమ్మదగ్గ సరుకూ దాన్ని వాడించే సాంకేతిక సిబ్బందీ సిద్ధంగా ఉండడం, మూడూ ఒకేసారి కలిశాయి. ఇంకో చిన్న విశేషం కూడా ఉంది: డబ్బు పెట్టి కొన్న మిత్రపురుగులు తోటలో ఉన్నప్పుడు ఇష్టం వచ్చినట్టు మందు కొట్టడానికి రైతుకే చేతులు రావు.

మందు పనిచేయకపోవడం అన్నాను కదా, క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు చరిత్ర అంతా అదే. డి.డి.టి.కి ఆ పురుగు లొంగడం లేదని 1953లోనే జావా నుంచి వార్త వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మందుల వర్గాలను ఒకదాని వెనుక ఒకటి అది జీర్ణించుకుంది. 1990లో హవాయి పొలాల్లో బి.టి.కి కూడా తట్టుకున్నట్టు తేలింది. కాబట్టి బి.టి.ని కూడా వారం వారం అదే పనిగా కొడితే దాని గతీ అంతే అని రైతుకు ముందే చెప్పడం మన ధర్మం. కొండ ప్రాంతాల క్యాబేజీలో ఈ పురుగును డయాడెగ్మా అనే పరాన్నజీవి కందిరీగ బాగా అదుపు చేస్తుంది. 2002లో కెన్యాలో దాన్ని విడుదల చేసినప్పుడు రైతు నుంచి కోరింది దాదాపు ఒక్కటే, దాన్ని చంపే మందులు తగ్గించమని. రైతు ఖర్చు, శ్రమ తగ్గే పద్ధతికి ఆదరణ త్వరగా దొరుకుతుంది. ఖర్చో శ్రమో పెంచే పద్ధతికి ఎంత పుణ్యం ఆపాదించినా దొరకదు.

మీరు రైతులతో మాట్లాడేటప్పుడు ఆరోగ్యం, పర్యావరణం అన్న మాటలతో మొదలుపెట్టకండి; కోతతో మొదలుపెట్టండి. బెండ రోజు విడిచి రోజు కోయాలి, దోస, చిక్కుడు, వంగ కూడా కొద్ది రోజులకొకసారి కోయాలి. మందు కొట్టిన తర్వాత కోతకు ముందు వారం రోజులు ఆగాలని లేబుల్ మీద ఉంటే, ఆ రైతు చట్టబద్ధంగా ఆ మందు వాడనే లేడు. ఆగితే బెండ ముదిరి పీచు పడుతుంది, ఆగకపోతే అవశేషం కాయలో ఉంటుంది. ఈ ఇరకాటం ప్రతి కూరగాయల రైతుకూ తెలుసు, దాని గురించి బయటకు మాట్లాడరు. బి.టి. మందులకు ఈ గడువు చాలా దేశాల్లో సున్నా. రాత్రి మందు, పొద్దున కోత అన్న సౌలభ్యం సురక్షిత పద్ధతులకున్న అసలైన లాభం. ప్రచార పత్రాల్లో అది ఎక్కడో చివరి పంక్తిలో ఉంటుంది. కోత కోసేవారు, అందులోనూ స్త్రీలు, మందు ఆరని మొక్కల మధ్య గంటల తరబడి ఉంటారన్న సంగతి కూడా ఇదే సందర్భంలో చెబితే చెవికెక్కుతుంది. తలనొప్పి, కళ్లు మండడం ఈ పనిలో మామూలే అని సరిపెట్టుకునే కుటుంబాలకు, ఆ మామూలును తగ్గించుకునే దారి కోత లెక్కలోనే దొరికిందంటే అడ్డు చెప్పరు.

ఈ పద్ధతులను ఇష్టపడే మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. ఇంట్లో తయారైనదల్లా, మొక్క నుంచి వచ్చినదల్లా సురక్షితం కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిక ప్రమాదకర వర్గంలో చేర్చింది. చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది. మొక్కల వేర్ల నుంచి తీసే రోటెనోన్ చేపలకు యమపాశం. నేల బాక్టీరియా నుంచి వచ్చే స్పైనోసాడ్ తడి ఆరకముందు తేనెటీగలను చంపుతుంది. రైతును చేతికి తొడుగు లేకుండా పొగాకు రసం కలపమని చెప్పి, దాన్ని సహజం అని పిలిస్తే మనం చేసిన మేలేమీ లేదు.

మరో చోట కూడా నిజాయితీ అవసరం. వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ, తామర పురుగుల విషయంలో ఈ నిదానపు మందులు తరచు చేతులెత్తేస్తాయి; కొద్దిపాటి పురుగులే తోటంతా వైరస్ అంటించగలవు. అక్కడ నారుమడికి సన్నని వల, తట్టుకునే రకాలు, జబ్బు మొక్కలను వెంటనే పీకేయడం ముఖ్యం. అన్నింటికీ ఒకే కషాయం అని చెప్పి ఒక్కసారి దెబ్బతినిపిస్తే, ఆ రైతు తర్వాత మన మంచి సలహాను కూడా వినడు, పక్కవాళ్లనూ విననివ్వడు.

కొత్త పద్ధతులు సమాజంలో పాకే తీరును అధ్యయనం చేసిన ఎవరెట్ రోజర్స్, వాటి ఆదరణను నిర్ణయించే లక్షణాల్లో చిన్న మోతాదులో ప్రయత్నించి చూడగల వీలును, ఫలితం కంటికి కనబడడాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. రాబోయే కీడును ఆపే పద్ధతులు నెమ్మదిగా పాకుతాయని కూడా అన్నాడు, ఎందుకంటే జరగని నష్టాన్ని ఎవరూ చూడలేరు. మన విషయంలో దీని అర్థం ఇది: పొలమంతా మార్చమని అడగకండి. నారుమడితో మొదలుపెట్టించండి, జాగా కొద్దిది, వల ఖర్చు కొద్దిది, ఫలితం మూడు నాలుగు వారాల్లో ముఖం మీదే కనబడుతుంది. తర్వాత ఒకే తోటను రెండు భాగాలు చేసి, సగంలో అతని పద్ధతి, సగంలో కొత్త పద్ధతి నడిపించండి. మందు ఖర్చు, కూలీ, మొదటి రకం కాయ బరువు, పుచ్చు కాయ బరువు, ఈ నాలుగు లెక్కలూ రైతు చేతే రాయించండి, మీరు రాయవద్దు. కొత్త సగంలో నష్టం వస్తే ఎవరు భరిస్తారో మొదటి రోజే తేల్చుకోండి. ఆ పూచీ ఏ సంస్థా తీసుకోకపోతే రైతును కూడా తీసుకోమని అడగడం భావ్యం కాదు.

ఆడ పురుగు వాసన ఎరగా పెట్టి మగ పురుగులను రప్పించే లింగాకర్షక బుట్టల వంటివి మాత్రం ఒక్క రైతు తోటలో ప్రయత్నిస్తే నిరాశే ఎదురవుతుంది. బుట్టలో పడేవి మగ రెక్కల పురుగులు. పక్క తోటలో జతకట్టిన ఆడ పురుగు వచ్చి ఇక్కడ గుడ్లు పెట్టడాన్ని ఆ బుట్ట ఆపలేదు. పైగా బుట్ట నిండా పురుగులు చూసి, ఇది ఎక్కడెక్కడి పురుగులనో నా తోటకు లాక్కొస్తోందని పీకేసే రైతులున్నారు. ఆనుకుని ఉన్న తోటలవాళ్లంతా కలిసి, ఒకే సమయంలో పెట్టి, ఎరను కంపెనీ చెప్పిన గడువుకు మారిస్తేనే అది సాధనం. కౌలు రైతుల సంగతి ఇంకా వేరు. వచ్చే ఏడు ఈ నేల తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు మిత్రపురుగుల సంతతి పెరిగే దాకా ఎందుకు ఆగుతాడు? వారికి ఈ సీజన్‌లోనే ఖర్చు తగ్గించేవి చెప్పాలి, ముఖ్యంగా మందులు కలిపి కొట్టడం మానడం, తొలి పిచికారీ వాయిదా వేయడం.

మీరు సర్వే చేయబోతున్నామన్నారు కనుక ప్రశ్నావళి గురించి చెప్పి ముగిస్తాను. పర్యావరణహిత పద్ధతులు మీకు ఇష్టమేనా అన్న తరహా ప్రశ్నలు తీసేయండి. ఇంటికి వచ్చిన మనిషిని నొప్పించకూడదని అందరూ ఔననే అంటారు, మీకు అందమైన శాతాలు వస్తాయి, వాటితో ఏ పనీ కాదు. చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు, ఆ రోజు మొక్క మీద ఏం చూసి కొట్టాలనుకున్నారు, ఏ మందని ఎవరు చెప్పారు, దేనితో కలిపారు, ఎన్ని రోజులకు కోశారు, డబ్బు అప్పుడే ఇచ్చారా పంట మీద ఇస్తానన్నారా అని అడగండి. గతంలో జీవసంబంధ మందు వాడి మానేసినవారిని విడిగా కూర్చోబెట్టి, ఏ పూట కొట్టారు, ఎన్నో రోజున పనిచేయలేదని తేల్చుకున్నారు అని తప్పకుండా అడగండి. ఎప్పుడూ వాడనివారి కన్నా వాడి మానేసినవారి దగ్గర మీకు ఎక్కువ సమాచారం దొరుకుతుంది. వీలైతే ఖాళీ సీసా చూపించమని అడిగి, దాని మీది తయారీ తేదీ, గడువు తేదీ రాసుకోండి.